ఆ నీటి బుడగలు తీయించాల్సినవి కావు

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ. వయసు 24. ఏడాదిగా పీరియడ్స్ రెండు మూడు నెలలకోసారి వస్తున్నాయి, ఈసారి నాలుగు నెలలైనా రాలేదు. స్కాన్‌లో రెండు అండాశయాల్లోనూ నీటి బుడగలు ఉన్నాయన్నారు, రిపోర్టులో పీసీఓఎస్ (పాలీసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్, మాటకు మాట చెబితే ‘చాలా తిత్తులున్న అండాశయం’ జబ్బు) అని రాశారు. ఏఎంహెచ్ అనే హార్మోన్ పరీక్షలో 9.2 వచ్చింది. డాక్టరుగారు ఐదు రోజులకు మాత్రలిస్తే, అవి ఆపిన మూడో రోజు బ్లీడింగ్ అయింది. తర్వాత మళ్లీ ఏమీ లేదు. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు, అమ్మగారు టెన్షన్ పడుతున్నారు. అండాశయాలు చెడిపోయాయా, ఆ బుడగలను ఆపరేషన్ చేసి తీయించుకుంటే పోతుందా అని అడిగారు.

చెడిపోలేదు. తీయించుకోవద్దు. ఈ రెండు మాటలూ ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇరవై ఏళ్లకు పైగా ఈ రిపోర్టు పట్టుకుని వచ్చే అమ్మాయిలను చూస్తున్నాను. వాళ్లను రోగం కంటే ఆ ‘బుడగలు’ అన్న మాటే ఎక్కువ భయపెడుతోంది.

స్కాన్ తెరమీద అండాశయం బూడిదరంగులో కోడిగుడ్డు ఆకారంలో కనబడుతుంది. మీలాంటి వాళ్లలో దాని అంచు వెంబడి నల్లటి చుక్కలు పూసలు గుచ్చినట్టు వరసగా ఉంటాయి. ఒక్కొక్కటి 2 నుంచి 9 మిల్లీమీటర్లు. నీరు ఉన్నచోట స్కాన్ నల్లగా చూపిస్తుంది కాబట్టి వాటికి నీటి బుడగలన్న పేరు వచ్చింది. కానీ అవి గడ్డలూ కావు, తిత్తులూ కావు. ప్రతి చుక్కా ఒక ఫాలికిల్, అంటే అండాన్ని లోపల పెట్టుకుని పెంచే చిన్న సంచి. అండం మిల్లీమీటరులో పదో వంతు, అందుకే తెరమీద కనబడదు, చుట్టూ ఉన్న నీరే కనబడుతుంది. వాటిని తీయించుకోవడమంటే అండాలను తీయించుకోవడమే.

ఏఎంహెచ్ అనేది ఆ చిన్న ఫాలికిల్స్ గోడల్లోని కణాలు తయారుచేసే హార్మోన్. ఫాలికిల్ 8 మిల్లీమీటర్లు దాటి పెరిగితే దాని తయారీ తగ్గిపోతుంది. కాబట్టి 9.2 అంటే చిన్న దశలో ఆగి ఉన్న ఫాలికిల్స్ చాలా ఉన్నాయని అర్థం. అమ్మగారికి ఈ ఒక్క సంగతి చెప్పినా సగం దిగులు తగ్గుతుంది. ఆడపిల్ల తల్లి కడుపులో ఐదో నెలలో ఉండగా అండాశయాల్లో 60 నుంచి 70 లక్షల అండాలుంటాయి. పుట్టేసరికి 10 నుంచి 20 లక్షలు, రజస్వల అయ్యేసరికి మూడు నాలుగు లక్షలు మిగులుతాయి. వాటిలో జీవితం మొత్తం మీద విడుదలయ్యేవి నాలుగైదు వందలే. మీకు కరువు అండాలకు కాదు. వాటిలో ఒకదాన్ని ఎంచి, పెంచి, బయటికి పంపే కబురు సరిగా అందడం లేదు.

ఆ కబురు మెదడులో మొదలవుతుంది. మెదడు అడుగుభాగంలో హైపోథాలమస్ అని ఒక చిన్న చోటు ఉంది. అక్కడి కొన్ని కణాలు జీఎన్‌ఆర్‌హెచ్ అనే హార్మోన్‌ను వదులుతాయి. పది అమైనో ఆమ్లాల చిన్న గొలుసు అది. దాన్ని వేరుచేసి తేల్చడానికి గియెమాన్ అనే శాస్త్రవేత్త లక్షల గొర్రెల మెదడు ముక్కలతో, షాలీ అనే ఆయన పందుల మెదడు ముక్కలతో ఏళ్ల తరబడి కష్టపడ్డారు. మెదడు తయారుచేసే ఇలాంటి హార్మోన్ల మీద వాళ్లు చేసిన పనికి 1977లో నోబెల్ బహుమతి వచ్చింది. రక్తంలో జీఎన్‌ఆర్‌హెచ్ ఆయుష్షు రెండు నుంచి నాలుగు నిమిషాలే. కాబట్టి చేతి నరంలోంచి రక్తం తీసి దాన్ని కొలవలేం. అది పక్కనే ఉన్న పిట్యూటరీ గ్రంథిని చేరి, అక్కడ ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ అనే రెండు హార్మోన్లను విడుదల చేయిస్తుంది. మీ రిపోర్టులో ఉన్నవి ఈ రెండే.

అసలు విషయమంతా ఈ జీఎన్‌ఆర్‌హెచ్ వచ్చే తీరులో ఉంది. అది ధారగా రాదు, దరువులా వస్తుంది. ఒక దెబ్బ, కాసేపు ఆగడం, మళ్లీ దెబ్బ. అమెరికాలో క్నోబిల్ అనే శాస్త్రవేత్త బృందం 1978లో కోతుల మీద ఒక ప్రయోగం చేసింది. కోతుల సొంత జీఎన్‌ఆర్‌హెచ్‌ను ఆపేసి, అదే హార్మోన్‌ను బయటినుంచి గంటకోసారి కొద్ది నిమిషాలపాటు ఇస్తే పిట్యూటరీ చక్కగా పనిచేసింది. అదే హార్మోన్‌ను ఆగకుండా ధారగా ఎక్కిస్తే ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ రెండూ పడిపోయాయి. మళ్లీ గంటకోసారి ఇస్తే కోలుకుంది. మందు ఒక్కటే, దరువు మారితే ఫలితం తలకిందులైంది. నేను చదువుకునే రోజుల్లో ఆ గ్రాఫు చూసినప్పుడు కలిగిన ఆశ్చర్యం ఇప్పటికీ పోలేదు. ఈనాడు ఎండోమెట్రియోసిస్‌కు (గర్భసంచి లోపలి పొర లాంటిది బయట పెరిగే జబ్బు), మరీ చిన్న వయసులో రజస్వల అయ్యే పిల్లలకు ఇచ్చే ల్యూప్రోలైడ్ ఇంజెక్షన్ పనిచేసేది ఈ సూత్రం మీదే.

దరువు వేగం కూడా ముఖ్యమే. గంటకోసారి పడితే పిట్యూటరీ ఎల్‌హెచ్ ఎక్కువ చేస్తుంది. మూడు నాలుగు గంటలకోసారి పడితే ఎఫ్‌ఎస్‌హెచ్ వైపు మొగ్గుతుంది. దీన్ని నెమ్మది చేసేది ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్. అది అండం విడుదలయ్యాకే తగినంత తయారవుతుంది. మీ కథలో ముడి పడింది ఇక్కడే, మళ్లీ వస్తాను.

మామూలు నెలలో ఏం జరుగుతుందో వరిపొలంతో చెబుతాను, మా ఊరి వాళ్లకు ఇలాగే చెబుతుంటాను. పీరియడ్ మొదలైన రోజుల్లో ఎఫ్‌ఎస్‌హెచ్ కొంచెం పెరుగుతుంది, చెరువు తూము ఎత్తినట్టు. అప్పటికి సిద్ధంగా ఉన్న చిన్న ఫాలికిల్స్ అన్నిటికీ నీరు అందుతుంది, అన్నీ పెరగడం మొదలుపెడతాయి. వారం తిరిగేలోపు వాటిలో ఒకటి మిగతావాటిని మించిపోతుంది. అది ఈస్ట్రోజెన్, ఇన్‌హిబిన్ అనే హార్మోన్లు వదిలి, ఎఫ్‌ఎస్‌హెచ్ తగ్గించమని పిట్యూటరీకి చెబుతుంది. తూము సగం దిగుతుంది. మిగతావాటికి నీరు చాలక ఎండిపోతాయి. ముందున్న ఆ ఒక్కటి మాత్రం అప్పటికే తన గోడల మీద ఎఫ్‌ఎస్‌హెచ్‌ను అందుకునే గ్రాహకాలను పెంచుకుని, ఎల్‌హెచ్‌ను కూడా అందుకోవడం నేర్చుకుని ఉంటుంది. అందుకే తక్కువ నీటితోనే బతుకుతుంది, 20 మిల్లీమీటర్ల దాకా పెరుగుతుంది.

ఈ ఈస్ట్రోజెన్ తయారీలో రెండు రకాల కణాల పొత్తు ఉంది. ఫాలికిల్ బయటి పొరలోని థీకా కణాలు ఎల్‌హెచ్ మాట విని ఆండ్రోజెన్లు, అంటే మగ హార్మోన్ల కుటుంబానికి చెందినవి, తయారుచేస్తాయి. లోపలి గ్రాన్యులోసా కణాలు ఎఫ్‌ఎస్‌హెచ్ మాట విని ఆ ఆండ్రోజెన్‌ను ఈస్ట్రోజెన్‌గా మారుస్తాయి. ప్రతి ఆడమనిషి అండాశయంలోనూ మగ హార్మోన్ తయారవుతుంది. అది లేనిదే ఆడ హార్మోన్ లేదు. రిపోర్టులో టెస్టోస్టిరాన్ అన్న మాట చూసి, ‘నాలో మగ లక్షణాలున్నాయా డాక్టర్’ అని కళ్లనీళ్లు పెట్టుకున్న అమ్మాయిలున్నారు. అది అందరిలోనూ ఉంటుందమ్మా. మీలో మార్పిడి పూర్తికాక కొంచెం మిగిలిపోతోంది, అంతే.

పెరిగిన ఫాలికిల్ వదిలే ఈస్ట్రోజెన్ ఒక స్థాయి దాటి సుమారు రెండు రోజులు అలాగే నిలబడితే మెదడు తీరు మారుతుంది. అప్పటిదాకా ఎల్‌హెచ్‌ను అదుపులో ఉంచిన ఈస్ట్రోజెనే అప్పుడు దాన్ని ఉప్పెనలా పైకి లేపుతుంది. ఉప్పెన మొదలైన ఒకటిన్నర రోజుకు ఫాలికిల్ పగిలి అండం బయటపడుతుంది. పగిలిన ఫాలికిల్ పసుపురంగు ముద్దగా మారి, రెండు వారాలపాటు ప్రొజెస్టిరాన్ ఇస్తుంది. గర్భం నిలిస్తే పిండం నుంచి వచ్చే హెచ్‌సీజీ ఆ ముద్దను బతికిస్తుంది. ప్రెగ్నెన్సీ స్ట్రిప్‌లో రెండో గీత చూపించేది ఆ హెచ్‌సీజీయే. గర్భం లేకపోతే ముద్ద వాడిపోతుంది, ప్రొజెస్టిరాన్ పడిపోతుంది, గర్భసంచి లోపలి పొర ఊడి పీరియడ్ వస్తుంది.

ఇప్పుడు మీ సంగతి. మీలో దరువు ఎప్పుడూ వేగంగానే ఉంటోంది. ఎల్‌హెచ్ ఎక్కువ, దానికి తగినంత ఎఫ్‌ఎస్‌హెచ్ లేదు. థీకా కణాలు ఆండ్రోజెన్ చేస్తూనే ఉంటాయి, దాన్ని మార్చే పని మాత్రం కుంటుతుంది. తూము పూర్తిగా ఎత్తిందీ లేదు, దించిందీ లేదు. నారంతా ఎండిపోకుండా పచ్చగానే ఉంది, ఒక్క మొక్కా పొట్టకు రావడం లేదు. అలా ఏడెనిమిది మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోయినవే మీ స్కాన్‌లోని పూసల వరస. పైగా అవన్నీ కలిసి వదిలే ఏఎంహెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ ప్రభావాన్ని ఇంకా తగ్గిస్తుంది. అండం విడుదల కాదు కాబట్టి ప్రొజెస్టిరాన్ రాదు. ప్రొజెస్టిరాన్ రాదు కాబట్టి దరువు నెమ్మదించదు. ముడి అదే.

దీన్ని బిగించే ఇంకో చెయ్యి ఇన్సులిన్. మీరు రాయలేదు గానీ, అద్దంలో ఒకసారి మెడ వెనక చూసుకోండి. చర్మం నల్లగా, మందంగా, ముఖమల్ గుడ్డలా ఉందా? చాలామంది తల్లులు అది మట్టి అనుకుని సున్నిపిండి పెట్టి రుద్దుతారు, పిల్ల మెడ ఎర్రగా కందుతుంది తప్ప నలుపు పోదు. అది మట్టి కాదు, రక్తంలో ఇన్సులిన్ ఎక్కువైందనడానికి గుర్తు. కండరాలు ఇన్సులిన్ మాట సరిగా వినకపోతే ఒళ్లు ఇంకా ఎక్కువ ఇన్సులిన్ తయారుచేస్తుంది. అండాశయం మాత్రం ఆ మాట బాగానే వింటుంది. కండరాల కోసం పెరిగిన ఇన్సులిన్ అంతా థీకా కణాల మీద పడి, ఎల్‌హెచ్‌తో కలిసి ఆండ్రోజెన్‌ను పెంచుతుంది. కాలేయంలో ఎస్‌హెచ్‌బీజీ అనే ప్రోటీన్ తయారవుతుంది, అది టెస్టోస్టిరాన్‌ను పట్టి ఉంచుతుంది. ఇన్సులిన్ దాన్ని కూడా తగ్గిస్తుంది. పట్టి ఉంచేవాళ్లు లేక టెస్టోస్టిరాన్ విడిగా తిరుగుతుంది. గడ్డం కింద వెంట్రుకలు, మొటిమలు వచ్చేది అందుకే. మన వాళ్లలో ఒళ్లు పెద్దగా లేకపోయినా పొట్ట దగ్గర కొవ్వు చేరి ఇలా జరుగుతుంటుంది, కాబట్టి ‘నేను సన్నగానే ఉన్నాను కదా’ అని దీన్ని తోసేయకండి.

మాత్ర వేస్తే బ్లీడింగ్ అయింది కదా, మరి అండం వచ్చినట్టేనా అని చివర్లో అడిగారు. రాలేదు. ఆ మాత్ర ప్రొజెస్టిరాన్ లాంటిది. నాలుగు నెలలుగా ఈస్ట్రోజెన్ మీ గర్భసంచి పొరను పెంచుతూ ఉంది, దాన్ని నిలకడగా ఉంచే ప్రొజెస్టిరాన్ లేదు. ఐదు రోజులు మాత్ర రూపంలో ఇచ్చి ఆపేసరికి పొర ఊడింది. ఆ బ్లీడింగ్ చెప్పే మంచి కబురు ఒకటుంది. మీ అండాశయాలు ఈస్ట్రోజెన్ తయారు చేస్తున్నాయి, గర్భసంచి దాన్ని అందుకుంటోంది, దారి తెరుచుకునే ఉంది.

ఈ మాత్రకు బ్లీడింగ్ కాని అమ్మాయిని కూడా చూశాను. హాస్టల్లో ఉండి పోటీ పరీక్షలకు చదువుతోంది. బరువు పెరుగుతున్నానని రాత్రి భోజనం మానేసి, పొద్దున రెండు ఇడ్లీలతో సరిపెట్టుకుని, ఆరు నెలల్లో 11 కిలోలు తగ్గింది. పీరియడ్స్ ఆగిపోయాయి. స్కాన్‌లో ఆమెకూ చిన్న ఫాలికిల్స్ బోలెడు కనబడ్డాయి, రిపోర్టులో ఆమెకూ పీసీఓఎస్ అనే రాసి ఉంది. ఇంకా తగ్గమని ఎవరో చెబితే ఇంకా తగ్గింది. కానీ గర్భసంచి పొర 3 మిల్లీమీటర్లే, ఎల్‌హెచ్ అడుగంటింది. తిండి లేని ఒంట్లో గర్భం మోయడం క్షేమం కాదని మెదడు దరువునే ఆపేసింది. ఆమెకు నేను రాసిచ్చిన మొదటి మందు రాత్రి భోజనం. పీరియడ్ రావడానికి ఎనిమిది నెలలు పట్టింది. స్కాన్ బొమ్మలు రెండూ ఒకలా ఉన్నా, మీ జబ్బూ ఆమె జబ్బూ ఎదురెదురు దిక్కులవి. స్కాన్ ఒక్కటే చూసి తేల్చకూడదని నేను పట్టుబట్టేది ఇందుకే.

ఆపరేషన్ మాటకు వస్తే, దాని వెనక పాత కథ ఉంది. 1935లో షికాగోలో స్టైన్, లెవెంథాల్ అనే ఇద్దరు డాక్టర్లు పీరియడ్స్ ఆగిపోయిన ఏడుగురు స్త్రీల గురించి రాశారు. అండాశయం నుంచి ఒక చీలిక కోసి తీసేస్తే అందరికీ పీరియడ్స్ వచ్చాయి, ఇద్దరికి గర్భం నిలిచింది. ఆ పద్ధతి దశాబ్దాలపాటు నడిచింది. ఆండ్రోజెన్ చేసే కణజాలం కొంత పోవడం వల్ల దరువు కాస్త సర్దుకునేది. కానీ దానితో పాటు అండాలూ పోయేవి, లోపల అతుకులు పడి గర్భానికే అడ్డమయ్యేది. ఇప్పుడు లాపరోస్కోపీతో అండాశయానికి చిన్న రంధ్రాలు పెట్టే పద్ధతి ఉంది. అదీ మాత్రలకు అండం విడుదల కాని కొద్దిమందికే, గర్భం కోసం ప్రయత్నిస్తున్నప్పుడే. పెళ్లికాని 24 ఏళ్ల అమ్మాయికి బుడగలు కనబడ్డాయని చేసేది కాదు. ఎవరైనా చేద్దామంటే ఇంకో డాక్టరుకు చూపించండి. ఈ జబ్బు పేరే తప్పుదారి పట్టిస్తోందని, మార్చాలని 2012లోనే అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు కూర్చోబెట్టిన నిపుణుల బృందం చెప్పింది.

పీసీఓఎస్ అని తేల్చాలంటే మూడింటిలో రెండు ఉండాలి: పీరియడ్స్ క్రమం తప్పడం, ఆండ్రోజెన్ ఎక్కువని ఒంటిమీదో రక్తంలోనో తెలియడం, అండాశయం అలా కనబడడం లేదా ఏఎంహెచ్ ఎక్కువ ఉండడం. దానికి ముందు వేరే కారణాలు లేవని చూడాలి. థైరాయిడ్ తగ్గితే మెదడు నుంచి టీఆర్‌హెచ్ అనే హార్మోన్ పెరుగుతుంది, అది పాలు పడేలా చేసే ప్రొలాక్టిన్ హార్మోన్‌ను కూడా లేపుతుంది, ఆ ప్రొలాక్టిన్ జీఎన్‌ఆర్‌హెచ్ దరువును అణచేస్తుంది. మీ రిపోర్టుల్లో టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), ప్రొలాక్టిన్ కనబడలేదు, చేయించండి. జుట్టు రాలుతోందని బయోటిన్ మాత్రలు వాడుతుంటే డాక్టరుకు చెప్పి, కనీసం రెండు రోజుల ముందు ఆపి రక్తం ఇవ్వండి. కొన్ని ల్యాబ్ పద్ధతుల్లో అది హార్మోన్ అంకెలను తారుమారు చేస్తుంది. చెల్లెలు ఉంటే, ఆమె రజస్వల అయి ఎనిమిదేళ్లు నిండకపోతే, పీసీఓఎస్ ఉందేమోనని స్కాన్ గానీ ఏఎంహెచ్ గానీ చేయించకండి. ఆ వయసులో చాలామందికి అలాగే కనబడుతుంది.

ఇప్పుడు చేయాల్సింది. బరువు ఎక్కువుంటే అందులో 5 నుంచి 10 శాతం తగ్గినా చాలామందికి అండం విడుదల మొదలవుతుంది, 70 కిలోలుంటే మూడున్నర నుంచి ఏడు కిలోలు. ఇన్సులిన్ తగ్గితే ఆండ్రోజెన్ తగ్గుతుంది, ముడి అక్కడ వదులవుతుంది. అన్నం మానక్కర్లేదు, పళ్లెంలో అన్నం తగ్గించి పప్పు, కూర, గుడ్డు పెంచండి. కండరం పని చేస్తే ఇన్సులిన్ మాట వింటుంది కాబట్టి నడకతో పాటు బరువులెత్తే వ్యాయామం కూడా చేయండి. అవసరమైతే డాక్టరు మెట్‌ఫార్మిన్ అనే, ఒళ్లు ఇన్సులిన్ మాట వినేలా చేసే మాత్ర ఇస్తారు.

మూడు నెలలు దాటి పీరియడ్ లేకుండా ఊరుకోవద్దు. ఇది గట్టిగా చెబుతున్నాను. ప్రొజెస్టిరాన్ లేని ఈస్ట్రోజెన్ ఏళ్ల తరబడి పొరను పెంచుతూ పోతే ఆ కణాలు దారి తప్పవచ్చు, గర్భసంచి క్యాన్సర్‌కు అది ఒక మెట్టు. అందుకే ఆ మాత్ర గానీ, గర్భనిరోధక మాత్రలు గానీ ఇస్తారు. పెళ్లికాని పిల్లకు గర్భనిరోధక మాత్రలేమిటని అమ్మగారు అడగవచ్చు. అవి దరువును నెమ్మది చేసి ఎల్‌హెచ్ తగ్గిస్తాయి, ఎస్‌హెచ్‌బీజీ పెంచుతాయి, మొటిమలు, వెంట్రుకలు నెమ్మదిస్తాయి. వాడితే తర్వాత పిల్లలు పుట్టరన్నది నిజం కాదు. అయితే తీవ్రమైన తలనొప్పి ఉన్నా, ఇంట్లో ఎవరికైనా కాళ్లలో రక్తం గడ్డకట్టి ఉన్నా ముందు డాక్టరుకు చెప్పాలి, సొంతంగా కొని వేసుకోకూడదు.

ఇక పెళ్లయ్యాక పిల్లల సంగతి. లెట్రోజోల్ అనే మాత్ర ఆండ్రోజెన్ ఈస్ట్రోజెన్‌గా మారడాన్ని ఐదు రోజులపాటు అడ్డుకుంటుంది. ఈస్ట్రోజెన్ తగ్గిందని మెదడు కంగారుపడి ఎఫ్‌ఎస్‌హెచ్ పెంచుతుంది, తూము ఎత్తుకుంటుంది, ఆగిపోయిన వరసలోంచి ఒకటి పెరుగుతుంది. 2014లో వచ్చిన అమెరికా అధ్యయనంలో పీసీఓఎస్ ఉన్న 750 మందికి ఐదు నెలలదాకా మందులిచ్చారు. లెట్రోజోల్ వాడినవారిలో 27.5 శాతం మందికి, పాత మందు క్లోమిఫిన్ వాడినవారిలో 19.1 శాతం మందికి బిడ్డలు పుట్టారు. మన దేశంలో 2011లో దీన్ని గర్భం కోసం వాడకూడదని నిషేధించారు, 2017లో ఎత్తేశారు. ఇప్పుడు మేం మొదట చేతికి తీసుకునే మందు ఇదే. దీనికి లొంగకపోతే ఇంజెక్షన్లున్నాయి, ఐవీఎఫ్ ఉంది. ఈ జబ్బున్న చాలామంది తల్లులవుతున్నారు, కొందరు ఏ మందూ లేకుండానే. పీరియడ్ రానంత మాత్రాన గర్భం రాదనుకోవడం కూడా పొరపాటే. అండం ఎప్పుడైనా విడుదల కావచ్చు, ఆ తర్వాతే పీరియడ్ వస్తుంది.

అండం విడుదలైందో లేదో తెలుసుకోవడానికి ‘21వ రోజు ప్రొజెస్టిరాన్’ పరీక్ష రాస్తుంటారు. 28 రోజులకు పీరియడ్ వచ్చేవాళ్లకే ఆ లెక్క. 45 రోజులకోసారి వచ్చేవాళ్లు 21వ రోజు రక్తం ఇచ్చి, తక్కువ వచ్చిందని ఏడవడంలో అర్థం లేదు. వచ్చే పీరియడ్‌కు వారం ముందు ఇవ్వాలి. మీ తేదీలు ఇంకా కుదురుకోలేదు కాబట్టి ఇప్పుడే వద్దు.

ఈ వారంలో టీఎస్‌హెచ్, ప్రొలాక్టిన్, టెస్టోస్టిరాన్ చేయించండి. అలాగే పరగడుపున ఒకసారి, 75 గ్రాముల గ్లూకోజు తాగిన రెండు గంటలకు ఒకసారి షుగర్ చూపించుకోండి. ఒక కాగితం మీద గత ఏడాది పీరియడ్ వచ్చిన తేదీలు, బ్లీడింగ్ ఎన్నాళ్లుందో, ఏది మాత్రతో వచ్చిందో, ఏది దానంతట అదే వచ్చిందో విడివిడిగా రాయండి. గుర్తులేనివి వదిలేయండి, ఊహించి రాయవద్దు. రిపోర్టుల కట్టకంటే ముందు ఆ కాగితమే డాక్టరు చేతికివ్వండి.